గొంతు పరీక్ష రిపోర్టు మర్నాడే ఎందుకు?

"రిపోర్టు రేపంటున్నారు, ఎందుకు మేడమ్?" అని పేరెంట్స్ మీటింగ్‌లో మాచర్ల నుంచి వచ్చిన ఒక అమ్మ అడిగారు. సైన్స్ టీచర్‌కి ఇష్టమైన ప్రశ్న!

గొంతు నొప్పి చాలాసార్లు వైరస్ వల్లే, యాంటీబయాటిక్ అక్కర్లేదు. గ్రూప్ ఎ స్ట్రెప్టోకోకస్ అయితే వేరు. వైద్యం అందకపోతే కొందరు పిల్లల్లో, ముఖ్యంగా 5-15 ఏళ్లలో, రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి.

ల్యాబ్‌లో శాంపిల్‌ని గొర్రె రక్తం కలిపిన అగర్ ప్లేటు మీద రాసి, దాదాపు 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతారు. స్ట్రెప్టోకోకస్ పెరిగిన చోట రక్తకణాలు కరిగి, చుట్టూ తేటగా వలయం ఏర్పడుతుంది. బాసిట్రాసిన్ బిళ్ల పెడితే దాని చుట్టూ పెరగదు. దీని చుట్టం, పేగుల్లో ఉండే ఎంటరోకోకస్, మొండిది: 6.5 శాతం ఉప్పులోనూ పెరుగుతుంది. సముద్రపు నీటికి దాదాపు రెట్టింపు ఉప్పు!

శాంపిల్‌కి ముందే యాంటీబయాటిక్ వేస్తే ప్లేటులో ఏమీ పెరగకపోవచ్చు. డాక్టర్ 10 రోజులు రాస్తే, మూడో రోజుకే నొప్పి తగ్గినా ఆపకండి.