ముహూర్తం కెమెరా కోసం ఆగదు

జనగామ

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

కేసముద్రం దగ్గరి పెండ్లి ముగించుకుని భూపాలపల్లికి తిరిగిపోతూ మొన్న రాత్రి ఫోన్ చేశావు. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి కెమెరాలో ఎర్రర్ వచ్చి షట్టర్ కదలలేదని, వీడియో తీసే తమ్ముడు లేకుంటే పరువు పోయేదని చెప్పావు. ఇంత డబ్బు పోసి కొన్న కెమెరా నన్నే మోసం చేసింది మామా అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచి నీకు వివరంగా రాయాలనుంది. ఫోన్‌లో చెబితే సగం గుర్తుంటుంది, సగం పోతుంది. ఇది దాచుకో.

కెమెరా మోసం చేయలేదు. అది యంత్రం, ఏదో ఒకనాడు ఆగుతుంది. తయారు చేసే కంపెనీలే షట్టర్‌కు ఒక ఆయుష్షు చెబుతాయి. కెనాన్ 5డీ మార్క్ 3కి లక్షన్నర క్లిక్కులు, నికాన్ డీ850కి 2 లక్షలు. పెండ్లికి 3,000 ఫొటోలు లెక్కేసుకున్నా 50 పెండ్లిళ్లకు లక్షన్నర అయిపోతాయి. అది పరీక్షల్లో తేలిన అంకె మాత్రమే, అందాకా నడుస్తుందన్న హామీ కాదు. కొత్త కెమెరా కదా అన్న ధీమా కూడా వద్దు. 2012లో వచ్చిన నికాన్ డీ600లో సెన్సర్ మీద మచ్చలు పడుతున్నాయని దేశదేశాల ఫొటోగ్రాఫర్లు మొత్తుకుంటే, వారంటీ దాటినవాటికి కూడా ఉచితంగా శుభ్రం చేసి షట్టర్ మారుస్తామని 2014లో ఆ కంపెనీ ప్రకటించాల్సి వచ్చింది. కాబట్టి కెమెరా చెడిపోతుందా లేదా అన్నది కాదు నీ ప్రశ్న. చెడిపోయిన నాడు ఆ ఇంటివాళ్ల పెండ్లి ఫొటోలు ఏమవుతాయన్నదే నీ ప్రశ్న.

మనం పనిచేసే చోట్లు ఎట్లాంటివో ముందు అర్థం చేసుకో. కెనాన్ కెమెరాతో వచ్చే పుస్తకం తీసి చూడు, 0 నుంచి 40 డిగ్రీల మధ్య వాడాలని ఉంటుంది. మన లగ్గాలేమో వైశాఖం ఎండల్లో. జనగామలో మిట్టమధ్యాహ్నం టెంటు కింద కూడా ఆ గీత దాటుతుంది. మిర్రర్‌లెస్ బాడీతో ఆ వేడిలో 4కే వీడియో ఏకధాటిగా తీస్తే వేడెక్కి దానంతటదే ఆగిపోవచ్చు. అందుకే ఫొటోల బాడీతో వీడియో తీయకు. కార్డులు, బ్యాటరీలు కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకు. బ్యాగు మీద తెల్లటి తువ్వాల కప్పు, సహాయకుడి చేత నీడలో పెట్టించు.

మీ భూపాలపల్లిలో ఓపెన్‌కాస్టు గనుల దుమ్ము, బొగ్గు లారీలు తిరిగే రోడ్లు. అక్కడ ఆరుబయట లెన్సు మార్చడమంటే సెన్సర్‌కు మసి పూయడమే. రెండు బాడీలకు రెండు లెన్సులు ఇంటి దగ్గరే బిగించుకుని పో. వారానికోసారి లెన్సును ఎఫ్16కి పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీసి, ఆ ఫొటోను పెద్దది చేసి చూడు. దుమ్ము ఉంటే నల్లచుక్కలుగా బయటపడుతుంది. గాలి బుడ్డితో ఊదితే పోయేదంతా పోతుంది. నోటితో మాత్రం ఊదకు, ఉమ్మి తుంపర పడితే దుమ్ము కంటే పెద్ద పని. తలంబ్రాల బియ్యం, పసుపు, హోమం పొగ కూడా తక్కువవి కావు. తలంబ్రాల వేళ కెమెరాకు పారదర్శకమైన కవరు తొడుగు.

మేడారం జాతర సంగతి వేరుగా చెప్పాలి. ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్నా 2019 దాకా ఆ ఊరు మీ జిల్లాలోనిదే. సమ్మక్క చిలకలగుట్ట దిగి గద్దెకు చేరే ఘడియ రెండేళ్లకోసారి వస్తుంది. ఆ ఘడియలో తోపులాట, దుమ్ము, చీకటి, మీద పడే బెల్లం, కొబ్బరినీళ్లు అన్నీ ఒక్కసారే ఉంటాయి. ఛార్జింగ్ దొరుకుతుందని అనుకోవద్దు. నాలుగు రోజులకు సరిపడా బ్యాటరీలు ఇంటి దగ్గరే నింపుకుని పో. ఫొటో తీయవద్దని పూజారులు చెప్పిన చోట కెమెరా దించు. అది కూడా పనిలో భాగమే.

వాన సంగతి నీకు చెప్పనక్కర లేదు. 2023 జులై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగితే, ఇండ్ల మీదికెక్కిన జనాన్ని కాపాడడానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి కాజీపేట, విజయవాడ దారిలో రైళ్లు ఆగాయి. గాలిలో వేలాడుతున్న ఆ పట్టాల ఫొటోలు దేశమంతా చూసింది. ఆ వానలో నిలబడి తీసినవాళ్లున్నారు కాబట్టే చూసింది. నువ్వూ ఒకనాడు అట్లా పోవాల్సి రావచ్చు. కెమెరాలోకి నీళ్లు పోతే వెంటనే ఆపి బ్యాటరీ, కార్డు తీసేయి. పనిచేస్తుందో లేదో చూద్దామని ఆన్ చేయకు. తడి సర్క్యూట్లో కరెంటు పారితే బాగయ్యేది కూడా కాలిపోతుంది. హెయిర్ డ్రయ్యర్ పెట్టకు, బియ్యం డబ్బాలో పూడ్చకు. పొడిగుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలతో మూతగట్టి డబ్బాలో పెట్టి, మెకానిక్ దగ్గరికి తీసుకుపో. బురదనీరైతే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకు.

కంటికి కనపడని తడి ఇంకొకటుంది. ఏసీ గదిలో రాత్రంతా ఉన్న కెమెరాను పొద్దున్నే కాళేశ్వరం ఘాట్ల మీదికి తీసుకుపోతే అద్దం మీద మంచు పడుతుంది. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలకు వచ్చిన జనాన్ని చూశావు కదా. అట్లాంటి చోట తెల్లవారుజాము స్నానాలు తీయాలంటే కెమెరాను బ్యాగులోంచి తీయకుండా ముందే బయట పెట్టి ఓ అరగంట ఆగాలి. వానాకాలంలో లెన్సుకు బూజు పడుతుంది. గాలిలో తేమ 40, 50 శాతం మధ్య ఉండే డ్రై క్యాబినెట్ కొనుక్కో. అంత స్తోమత లేని నాడు రబ్బరు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, 200 రూపాయల తేమ మీటరు చాలు.

ఇక అసలు సంగతి. మీ నాయిన పత్తి గింజలన్నీ తొలివానకే నేలలో వేయడు. మొలక రాకుంటే మళ్లీ పెట్టడానికి కొన్ని దాస్తాడు. మన పని కూడా అట్లాగే సాగాలి. ఏ ఒక్క వస్తువు ఆగితే పని మొత్తం ఆగుతుందో దానికి రెండోది ఉండాలి. రెండో బాడీ కొత్తది కానక్కర లేదు. పాత మోడల్ కొను, కానీ అదే లెన్సులు, అదే బ్యాటరీ పట్టేది కొను. సెకండ్‌హ్యాండ్ అయితే ఎన్ని క్లిక్కులు తిరిగిందో చూసి కొను. రెండు ఫ్లాష్‌లు, రెండు ట్రిగ్గర్లు, రెండు ఛార్జర్లు ఉండాలి. ఆ రెండోదాన్ని బ్యాగు అడుగున పడేసి మరిచిపోకు. ప్రతి లగ్గానికి ముందు రోజు దానితో పది ఫొటోలు తీసి చూడు. రెండు కెమెరాల గడియారాలు ఒకటే టైము చూపాలి, లేకుంటే ఆల్బమ్ వరుస పెట్టేటప్పుడు తల పగులుతుంది.

ఆగిపోయిన క్షణంలో ఏం చేయాలో చేతులకు అలవాటు కావాలి. ఆఫ్ చేయి, బ్యాటరీ తీసి పెట్టు. కెనాన్‌లో ఎర్రర్ 01 వస్తే బాడీకీ లెన్సుకూ మాట కుదరడం లేదని అర్థం. లెన్సు విప్పి, ఇత్తడి రంగు చుక్కలను పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడువు. చొక్కా అంచుతో వద్దు. ఆ తర్వాత లెన్సు మార్చి చూడు, కార్డు మార్చి చూడు, బ్యాటరీ మార్చి చూడు. ఒకసారి ఒక్కటే మార్చు, లేకుంటే లోపం ఎక్కడుందో తెలియదు. ఇదంతా రెండు నిమిషాలు, అదీ ముహూర్తం దూరంగా ఉంటేనే. పంతులు మాంగల్యం చేతికిస్తున్నప్పుడు ఇవేవీ చేయకు, రెండో బాడీ ఎత్తు. స్టేజీ మీద నిలబడి కెమెరా విప్పితే పెండ్లికొడుకు తరఫువాళ్లందరి కండ్లూ నీ చేతుల మీదే ఉంటాయి. నీ ముఖంలో కంగారు చూస్తే ఆడపిల్ల తండ్రి గుండె జారిపోతుంది.

రెండోది కూడా ఆగిందనుకో, చేతికి ఏది దొరికితే దానితో తియ్యి. మంచి ఫోను ఉంటే ఫోనుతో తియ్యి. వీడియో తమ్ముడికి ముందే చెప్పి పెట్టు, ముహూర్తం వేళ 4కేలో, కదలకుండా నడిపించమని. 4కే ఫ్రేము అంటే అడ్డం 3,840, నిలువు 2,160 చుక్కలు. దాంట్లోంచి తీసిన బొమ్మ 8 బై 12 అంగుళాల ప్రింటుకు మంచిగానే వస్తుంది. 12 బై 36 అంగుళాల ఆల్బమ్ షీటు నిండా పరిచేంత పదును ఉండదు కానీ, ఆ పేజీ ఖాళీగా పోదు.

కార్డు చెడిపోతే మాత్రం దేనినీ ముట్టుకోకు. కెమెరా ఫార్మాట్ చేయమంటుంది, చేయకు. ఆ కార్డులో ఇంకో ఫొటో కూడా తీయకు. ఫైలు చెరిగిందంటే సాధారణంగా చెరిగేది దాని చిరునామా మాత్రమే, బొమ్మ ఇంకా అక్కడే ఉంటుంది. దాని మీద కొత్త బొమ్మ పడితేనే అది శాశ్వతంగా పోతుంది. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చాలాసార్లు తిరిగి తీయవచ్చు. తీసినవాటిని మాత్రం వేరే డిస్కులో దించు. ఈ బాధ రాకుండా ఉండాలంటే రెండు కార్డుల బాడీలో రెండింటిలోనూ ఒకే ఫొటో పడేలా పెట్టుకో. రాసే లైటు వెలుగుతుండగా బ్యాటరీ తలుపు తెరవకు. ఇంటికి రాగానే రెండు డిస్కుల్లోకి దించి, ఒకటి మీ అమ్మ దగ్గర పెట్టు. ఆల్బమ్ ఆ ఇంటికి చేరేదాకా కార్డు చెరపకు.

అన్నీ చేసినా ఒక్కోసారి ఒక ఘట్టం చేజారుతుంది. జంట ఫొటోలు, గ్రూపు ఫొటోలు మళ్లీ తీయవచ్చు. కన్యాదానం, జీలకర్ర బెల్లం, పుస్తె కట్టడం, అప్పగింతలు మళ్లీ రావు. ఫొటో పోయిందని పుస్తె ముడి ఇంకోసారి వేయమని అడగకు. అది వాళ్ల జీవితం, మన షూటింగ్ కాదు. అప్పగింతలయ్యాక, అదే రోజు, ఆ తండ్రిని పక్కకు పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఏది పోయింది, ఏది దక్కింది, దానికి బదులు ఏం చేస్తావు, ఎంత డబ్బు తగ్గిస్తావు, అన్నీ నువ్వే చెప్పు. కోపపడితే పడనీ. నెల తర్వాత ఆల్బమ్‌లో ఆ పేజీ లేదని వాళ్లంతట వాళ్లు కనుక్కుంటే ఆ కోపం జీవితాంతం ఉంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని చేసే మన పని కూడా సేవే. సేవాలోపమని వాళ్లు జిల్లా కమిషన్‌కు పోవచ్చు. అందుకే అడ్వాన్సు తీసుకున్న రోజే ఒక కాగితం రాసుకో. ఏమేం తీస్తావు, ఎప్పుడిస్తావు, పరికరం ఆగితే ఏం చేస్తావు అని తెలుగులో, వాళ్లకు చదివి వినిపించి సంతకం పెట్టించు.

డబ్బు మాట. ప్రతి పెండ్లి సొమ్ములోంచి కొంత కెమెరా పేరిట పక్కన పెట్టు. ఇంట్లో ఎంత అవసరం వచ్చినా దాన్ని ముట్టుకోకు. బిల్లు, సీరియల్ నంబరు దాచు, బీమా చేయించు. దొంగతనానికి, ప్రమాదానికి, నీళ్లకు దేనికెంత ఇస్తారో చదివి సంతకం పెట్టు. బిల్లు లేకుండా చవకగా వచ్చే సరుకు జోలికి పోకు. ఆషాఢంలో లగ్గాలుండవు, మూఢాల్లో ఉండవు. ఆ రోజుల్లో కెమెరాలను సర్వీసుకిచ్చి చేతికి తెచ్చుకో. వారంటీ ఉన్నది కంపెనీ సర్వీసు సెంటరుకే పోవాలి. వారంటీ తీరినవాటికి హనుమకొండలోనో, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో నమ్మకస్తుడైన మనిషిని వెతుక్కో. ఫ్లాష్ మాత్రం నువ్వు విప్పకు. ఆపేసినా లోపల కెపాసిటర్లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది.

పరకాల, ములుగు, మహబూబాబాద్‌లలో నీ తోటి ఫొటోగ్రాఫర్లను పోటీదారులుగా చూడకు. లగ్గాలు గుంపుగా వచ్చే రోజు అర్ధరాత్రి బాడీ అడిగితే ఎవరి దగ్గరా మిగలదు. కాబట్టి ఎవరికి ఏ తేదీ ఖాళీయో నెల ముందే మాట్లాడుకోండి. తెచ్చుకున్న కెమెరాను తుడిచి, బ్యాటరీ నింపి, చెప్పిన రోజున తిరిగివ్వు. ఎవరికైనా అవసరం వస్తే అడగకముందే నీది ఇవ్వు.

ఇంత జాగ్రత్త ఎందుకంటావేమో. వరంగల్‌కు చెందిన భరత్ భూషణ్ 2022 జనవరిలో కన్నుమూశాడు. తెలంగాణ పల్లె ఆడవాళ్లను, బతుకమ్మను ఆయన తీసిన ఫొటోలను జనం ఇప్పటికీ తలుచుకుంటారు. ఆయన ఏ కెమెరా వాడాడని ఎవరూ అడగరు. పెండ్లి ఆల్బమ్ కూడా అంతే. పెండ్లికి వచ్చిన నానమ్మకు అదే చివరి ఫొటో కావచ్చు. ఆ ఇల్లు డబ్బిచ్చేది దానికోసం, నీ కెమెరా ధర చూసి కాదు.

కేసముద్రం వాళ్లకు ఇంకా చెప్పలేదని నీ మాటల్లో అర్థమైంది. రేపే పో. వీడియోలోంచి తీసిన జీలకర్ర బెల్లం ఫ్రేములు ప్రింటు వేసుకుని పో, మొహం మీద చెప్పు, డబ్బు తగ్గించు. ఆ తర్వాత పాడైన బాడీ సర్వీసుకిచ్చి, వచ్చే లగ్గం తేదీకి రెండో బాడీ ఎక్కడిదో నాకు ఫోన్ చేసి చెప్పు. దొరక్కపోతే నాది పంపిస్తాను.

మీ అమ్మను అడిగినట్టు చెప్పు.

ఆశీస్సులతో,
మీ మామ