చేతిలో ఉంచుకోవలసినవి

మెల్‌బోర్న్

అమ్మడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ జిల్లాలో ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ లీగు పెట్టాలన్న నీ ఆలోచన నాకెంతో నచ్చింది. కానీ అందులో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "సమాఖ్య చేసేదేముంది మామయ్యా, కప్పులివ్వడమే కదా" అన్నావు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మా అమ్మాయి ఆడే రోజుల్లో నేను స్కోరర్ల బల్ల దగ్గర కూర్చోవడం నేర్చుకున్నాను. ఆ బల్ల వెనక నలుగురుంటారు. ఒకరు స్కోరు రాస్తారు, ఇంకొకరు ఆయనకు తోడు. ఒకరు ఆట గడియారం చూస్తారు, మరొకరు ఇరవై నాలుగు సెకన్ల గడియారం నొక్కుతారు. మొదటి, మూడో క్వార్టర్లు ఎర్ర సిరాతో, రెండూ నాలుగూ నీలి సిరాతో రాయాలని నాకు నేర్పారు. మా పేటలోని షెడ్డులాంటి కోర్టుకు ఆ పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చింది? అంతర్జాతీయ సమాఖ్య ఫీబా నుంచి జాతీయ సమాఖ్య బాస్కెట్‌బాల్ ఆస్ట్రేలియాకు, అక్కడి నుంచి విక్టోరియా రాష్ట్ర సంఘానికి, అక్కడి నుంచి మా పేట సంఘానికి. కాలువ నీళ్ళు పంట బోదెల్లోకి చేరినట్టే. ఎక్కడో ఒకచోట గట్టు తెగితే చివరి పొలం ఎండుతుంది. ఆ గట్లు కాయడమే సమాఖ్య పని. కప్పులివ్వడం ఆఖరి రోజు సాయంత్రం పని.

ఇక లీగుల సంగతి. ఇక్కడ పూర్తి ప్రొఫెషనల్ ఆటకూ పేట ఆటకూ మధ్య ఒక నడిమి మెట్టు ఉంది. సగం జీతం, సగం ఇష్టం. పగలు ఆసుపత్రిలో నర్సు, బళ్ళో టీచరు, సాయంత్రం పాయింట్ గార్డు. ఆ మెట్టు మీద ఇప్పుడున్న పెద్ద లీగు ఎన్‌బీఎల్ వన్. 2019లో, అంతకుముందున్న ఆగ్నేయ ఆస్ట్రేలియా లీగు స్థానంలో మొదలై, ఆ తర్వాత మిగతా రాష్ట్రాల లీగులను కలుపుకుంటూ అయిదు విభాగాలైంది. క్లబ్బుల సంఖ్య డెబ్బై దాటింది. అమ్మాయిల జట్టు, అబ్బాయిల జట్టు ఒకే క్లబ్బు పేరుతో, చాలాసార్లు ఒకే సాయంత్రం, ఒకే కోర్టు మీద ఆడతాయి. ఒకే టికెట్టు. మగవాళ్ళ ఆట కోసం వచ్చినవాళ్ళు ఆడవాళ్ళ ఆట కూడా చూసి వెళ్తారు. నువ్వు దీన్ని తప్పకుండా రాసిపెట్టుకో. ఆడవాళ్ళ ఆటకు జనం రారని చెప్పేవాళ్ళు ఆ ఆటను ఏ వేళకు పెట్టారో ముందు అడగాలి.

క్యాలెండరు అంతకన్నా ముఖ్యం. ఎన్‌బీఎల్ వన్ ఇక్కడి చలికాలంలో, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా. మహిళల జాతీయ లీగు డబ్ల్యూఎన్‌బీఎల్ వేసవిలో. రెండూ ఢీకొనవు కాబట్టి ఒకే అమ్మాయి రెండింట్లోనూ ఆడి, రెండు చోట్లా ఎంతో కొంత సంపాదించుకోగలదు.

ఈ నడిమి మెట్టు ఎందుకో లారెన్ జాక్సన్ కథ చెబుతుంది. ఆల్బరీలో పుట్టిన పిల్ల. అమెరికా మహిళల లీగులో మూడుసార్లు ఉత్తమ క్రీడాకారిణి. మోకాలు దెబ్బతిని 2016లో ఆట మానేసింది. ఆరేళ్ళ తర్వాత, ఇద్దరు కొడుకుల తల్లిగా, 2022లో తిరిగి బంతి పట్టుకున్నది ఏ పెద్ద లీగులోనో కాదు, సొంతూరి జట్టు ఆల్బరీ వొడోంగా బాండిట్స్ తరఫున, ఎన్‌బీఎల్ వన్‌లో. ఆ ఏడాదే సిడ్నీలో జరిగిన ప్రపంచ కప్పులో, కెనడాతో కాంస్యపోరులో, 41 ఏళ్ళ వయసులో 30 పాయింట్లు కొట్టింది. ఊరి లీగు లేకపోతే ఆమె తన కాళ్ళను ఎక్కడ పరీక్షించుకునేది? రాసేటప్పుడు కూడా ఒళ్ళు పులకరిస్తోంది నాకు.

డబ్ల్యూఎన్‌బీఎల్ 1981లో పుట్టింది. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ చానెల్ ఏబీసీ దాన్ని చూపించింది. నిధులు కోతపడి 2015లో ఆపేసింది. ఆ తర్వాత రెండు సీజన్లు దేశమంతా చూసే టీవీ ప్రసారమే లేదు. అయినా లీగు ఆగలేదు. నా దృష్టిలో ఆ రెండేళ్ళే సమాఖ్యకు అసలు పరీక్ష. 2017లో క్రీడాకారిణులకు మొట్టమొదటిసారి కనీస వేతనం ఖాయమైంది: సీజనుకు 7,500 డాలర్లు. మన లెక్కలో అప్పటికి నాలుగు లక్షల లోపే. ఇక్కడ ఆ డబ్బుతో ఇల్లు గడవదు. కానీ "ఆడినందుకు థాంక్స్" అనే స్థితి నుంచి "ఆడినందుకు జీతం" అనే స్థితికి వచ్చారు.

2024లో సమాఖ్య ఇంకో నిర్ణయం తీసుకుంది. లీగులో ఎక్కువ వాటాను వ్యాపారవేత్త రాబిన్ డెన్‌హోమ్ పెట్టుబడి సంస్థకూ పురుషుల లీగు ఎన్‌బీఎల్‌కూ కలిపి అప్పగించి, తను కొంత వాటా ఉంచుకుంది. నలభై ఏళ్ళు మోసిన బిడ్డను ఇచ్చేశారని కొందరు బాధపడ్డారు. నాకైతే అది సబబే అనిపించింది. టీవీ ఒప్పందాలు, ప్రకటనలు, జెర్సీల అమ్మకం డబ్బున్నవాళ్ళు బాగా చేస్తారు. రిఫరీల శిక్షణ, జాతీయ జట్టు, పిల్లల ఆట ఎవరూ కొనరు. అవి సమాఖ్య చేతిలోనే ఉండాలి.

అనుమతి పత్రం కూడా అలాంటిదే. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఆడటానికి వెళ్ళే ప్రతి క్రీడాకారిణికీ అంతకుముందు ఆడిన దేశపు సమాఖ్య ఇచ్చే కాగితం ఉండాలి. ఇంకా ఒప్పందం నడుస్తుంటే తప్ప దాన్ని ఆపకూడదు. కేరళ అమ్మాయి గీతు అన్నా జోస్ తెలుసుగా? మనకు రైల్వే ఉద్యోగమే ప్రొఫెషనల్ లీగు అయిన రోజుల్లో, దక్షిణ రైల్వేలో ఉంటూనే, 2006లో ఇక్కడికొచ్చి మెల్‌బోర్న్ శివారు రింగ్‌వుడ్ జట్టుకు, రాష్ట్ర సంఘం నడిపే బిగ్ వీ లీగులో ఆడింది. ఆ ప్రయాణం వెనక రెండు దేశాల ఆఫీసుల్లో ఎవరో గుమాస్తాలు వేళకు కాగితాలు కదిపి ఉంటారు. అలాంటి గుమాస్తా కావడం చిన్నతనం అనుకోకు.

ఇప్పుడు నీ లీగు. పెద్ద స్పాన్సరు దొరికాడని ఎగిరి గంతేశావు, సంతోషం. కానీ జట్ల పేర్లు, లోగోలు రాశావే గాని, ఏ నెలల్లో ఆడిస్తావో రాయలేదు. ఇంటర్ పరీక్షల మీదికి వస్తే సగంమంది రారు. ఏ పిల్ల ఏ జట్టుకో నమోదు చేసే పుస్తకం ఎవరి దగ్గరుంటుంది? మడమ మెలిపడితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది? ఆట రాత్రి ఎనిమిదికి ముగిస్తే పిల్లల్ని ఇంటికి ఎవరు చేరుస్తారు? స్పాన్సరు రెండో ఏడు రాకపోతే కనీసం కొన్ని జట్లతోనైనా నడిపించగలవా?

వీటికి సమాధానాలు వెతుకు, తొందరేం లేదు. ముందు మాత్రం ఒక లెక్క పంపు. మీ జిల్లాలో విజిల్ పట్టగల రిఫరీలు ఎంతమంది, వాళ్ళలో ఆడవాళ్ళు ఎందరు, స్కోరు బల్ల దగ్గర కూర్చోవడం తెలిసినవాళ్ళు ఎందరు. ఆ చివరిది సున్నా అయితే సంక్రాంతికి వచ్చినప్పుడు నాలుగు రోజులు నేనే నేర్పుతాను. ఎర్ర పెన్నూ నీలం పెన్నూ కొనిపెట్టు.

ఆశీస్సులతో,
పెద్దమామయ్య