జంతురాజ్యమున జెల్లీచేప స్థానము

హైటెక్ సిటీ మేడలనడుమ పెరుగు మన బాలబాలికలకు సముద్రము దూరము. జెల్లీచేపను వారు పటములందే యెరుగుదురు. కనుకనే జంతువులను వర్గీకరింపుడని మేము తరగతిలో నడిగినపుడు, పెక్కుమంది దానిని బొచ్చె, కొరమీనులతో గలిపి చేపల వరుసలో వ్రాసిరి. తప్పు వారిది గాదు; పేరిది.

చేపకు వెన్నెముకయు, మొప్పలును, రెక్కలును గలవు. జెల్లీచేప కివి యేవియు లేవు. మెదడును, గుండెయు, రక్తమును గూడ లేవు. దాని దేహమున నూటికి 95 పాళ్లు నీరే. వెలుపల నొక కణముల పొర, లోపల నొక పొర, నడుమ జిగురువంటి పదార్థము: ఇంతియే దాని నిర్మాణము. తినుటకును, మిగిలినదానిని విడుచుటకును ద్వార మొక్కటియే. గొడుగువలె నే వైపు చూచినను దాని రూప మొక్కరీతిగనే యుండును.

అట్లైన నిది యే జాతిలోనిది? 1758 లో లిన్నేయసు పండితుడు దీనిని పురుగులతో జేర్చెను. తరువాత కువియే దీనిని నక్షత్రచేపలతో గూర్చెను. 1847 లో లూకార్టు అను జర్మను పండితుడు, నక్షత్రచేపకు దేహకుహరమును, వేరుగా జీర్ణనాళమును గలవనియు, దీనికి కడుపొక్కటియే కుహర మనియు గుర్తించి, రెంటిని విడదీసెను. నేడు దీని వర్గమునకు నిడేరియా యని పేరు. దురదగొండివంటి మొక్కకు గ్రీకుభాషయందు గల పేరునుండి యీ మాట పుట్టినది. కుట్టెడు కణములే యీ వర్గమునకు ముఖ్యచిహ్నము.

ఈ వర్గమున ముఖ్యమైన తరగతులు కొన్ని గలవు. పెద్ద జెల్లీచేపలు స్కైఫోజోవాలోనివి. పెట్టెయాకారము గలిగి, కటకముగల కన్నులతో నీదునవి క్యూబోజోవాలోనివి. హైడ్రా హైడ్రోజోవాలోనిది. గొడుగు రూపము నెన్నడును దాల్చని పగడములును, సముద్రపుష్పములును ఆంథోజోవాలోనివి. పోర్చుగీసు యుద్ధనౌక యనబడు నీలిజీవి జెల్లీచేపవలె దోచినను హైడ్రోజోవాలోనిదే. అది యొక్క ప్రాణి గాదు, పెక్కు ప్రాణుల కూటమి. దువ్వెన జెల్లీలు చూపునకు జుట్టములవలె నున్నను, కుట్టుకణములు లేకుండుటచే వేరొక వర్గమునకు జెందినవి.

మనకు మిక్కిలి చేరువైన ముచ్చట యొకటి కలదు. నాగార్జునసాగరమునుండి కృష్ణాజలము మన నగరమునకు వచ్చుచున్నది. ఆ కృష్ణకు ఉపనదులైన కోయన, యెన్నల లోయలలో, సతారా మండలమున, 1911 ప్రాంతమున శంకర పురుషోత్తమ అఘర్కరు మంచినీటి జెల్లీచేపను గనుగొనెను. అన్నండేలు పండితుడు దానికి లిమ్నోక్నిడా ఇండికా యని నామకరణము చేసెను. చిన్న నాణెమంతటి యా జీవియు హైడ్రోజోవాలోనిదే. జెల్లీచేప యనిన నుప్పునీటి ప్రాణియే యను భావము గూడ నిట్లు దొలగినది.

ఈ పాఠము పరీక్షకొరకు మాత్రమే గాదు. విశాఖపట్టణపు తీరమునకు విహారమేగు విద్యార్థి, యిసుకపై బడియున్న జెల్లీముద్దను గాంచి చేపయే గదా యని చేతబట్టినచో, దాని ప్రాణము పోయినను కుట్టుకణములు పనిచేయుచునే యుండును. వర్గము నెరిగినవాడు దూరముగ నిలిచి చూచును. పేరు మాత్ర మెరిగినవాడు చేయి చాచును.

కావున, బాలకులారా, పేరునుబట్టి గాక నిర్మాణమునుబట్టి యెంచుట యభ్యసింపుడు.