వయసు మళ్లిన ఇంజను – రోగ నిర్ణయ విధానం

ధూల్‌పేట్ వీధులలో మోటారు మరమ్మతు గురించి నలుగురు మాట్లాడుకొనే చోట తరచుగా వినవచ్చే మాట ఒకటి ఉన్నది: ‘ఇంజను బోర్‌కు వచ్చింది.’ లక్షల కిలోమీటర్లు తిరిగిన కారు పొగ వదిలినా, తెల్లవారుజామున మొరాయించినా, ఎత్తు ఎక్కలేక రొప్పినా తీర్పు మాత్రం ఇదే. సిలిండర్ల గోడలు అరిగిపోయినవనీ, ఇంజనును ఆసాంతం విప్పి, ఆ గోడలను యంత్రంపై మరల తొలిచి, పెద్ద కొలత గల పిస్టన్లను, రింగులను అమర్చవలెననీ దీని భావం. ఈ తీర్పు ఒక్కొక్కప్పుడు నిజమే. కాని పరీక్ష లేకుండా వెలువడినప్పుడు అది ఒక కుటుంబపు ఏడాది పొదుపును మింగివేయగలదు. మా ఇంటిలోనే అటువంటి సందర్భం ఒకటి తటస్థించినది. దానిని ఆధారంగా చేసుకొని, వయసు మళ్లిన ఇంజనులో లోపం ఎక్కడున్నదో కనుగొనే పద్ధతిని ఇక్కడ వివరించదలచాను. విజ్ఞాన శాస్త్ర విద్యార్థులకు ఇందులో కొత్త సూత్రాలేవీ లేవు. బాయిల్ నియమం, వాతావరణ పీడనం తెలిసి ఉంటే చాలును.

మా మేనమామ వద్ద 1984 నాటి అంబాసిడర్ కారు ఉండేది. హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో 2014 వరకు తయారు చేసిన ఈ కారుకు మూలం బ్రిటన్ దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. మామయ్య కారులోనిది 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను, నాలుగు సిలిండర్లు. దూరం చూపే మీటరులో ఐదు అంకెలే గనుక 99,999 తర్వాత మరల సున్నాయే. అది ఎన్నిమార్లు సున్నాకు తిరిగినదో మామయ్యకే లెక్క లేదు. ఉదయం బడిపిల్లలను దింపడం, మధ్యాహ్నం బేరాలు, వినాయక చవితి ముందు మా వీధిలోని విగ్రహకారులకు రంగులు, గుడ్డలు మోయడం – ఇదీ దాని దినచర్య.

2003 వేసవిలో ఆ కారు నిలిచి ఉన్నప్పుడు వణకసాగినది. నౌబత్ పహాడ్ ఎత్తు మీదికి మొదటి గేరులో తప్ప ఎక్కలేకపోయినది. ఒక మెకానిక్ కార్బొరేటర్ మార్చాడు. మరొకరు కాయిల్ మార్చారు. గుణం కనిపించలేదు. మూడవ వ్యక్తి చెవి ఒగ్గి విని, ‘బోర్‌కు వచ్చింది, పన్నెండు వేలు అవుతుంది’ అని తేల్చి చెప్పాడు. మామయ్య పెద్ద కూతురి కాలేజీ ఫీజు కోసం దాచిన సొమ్ము దాదాపు అంతే. ‘ఏం చేద్దాంరా? కారు లేకపోతే ఫీజు లేదు, ఫీజు కడితే కారు లేదు’ అని ఆయన నన్నడిగినప్పుడు నా దగ్గర సమాధానం లేదు. జుమ్మెరాత్ బజారులో పాత సామాను మధ్య కొన్న పీడన మాపకం, అనగా కంప్రెషన్ గేజీ, ఒకటి మాత్రం ఉన్నది.

గేజీ పట్టే ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నవి. చార్మినార్ దగ్గరి యునానీ దవాఖానాలో హకీం నబ్జ్ పట్టి చూచే ముందు రోగి నాలుక చూస్తాడు, నిద్రాహారాలు అడుగుతాడు. ఇంజనుకు సైలెన్సరు పొగ అటువంటిదే. నల్లని పొగ అయితే పెట్రోలు ఎక్కువై గాలి చాలలేదని అర్థం. నీలి పొగ అయితే నూనె మండుతున్నది. యాక్సిలరేటర్ తొక్కినంత సేపూ నీలి పొగ వస్తుంటే రింగుల మీద అనుమానం. చాలాసేపు ఆగి ఉన్న కారును కదిలించగానే ఒక్కసారి గుప్పున వచ్చి తగ్గిపోతే వాల్వు గైడ్ల మీద అనుమానం. ఇంజను బాగా వేడెక్కిన తర్వాత కూడా తెల్లని పొగ ఆగకుండా వస్తూ, రేడియేటరులో నీరు తరుగుతుంటే హెడ్ గాస్కెట్ చూడాలి. మామయ్య కారులో నీలి పొగ కొద్దిగా ఉన్నది. ఆ వయసుకు అది వింత కాదు. మెకానిక్‌ను తప్పుదారి పట్టించినది ఆ కొద్దిపాటి పొగయే అయి ఉండవచ్చు.

పిమ్మట నిప్పురవ్వ. ఇంజను నడుస్తుండగా ఒక్కొక్క స్పార్క్ ప్లగ్గు తీగను ఎండిన మందపాటి గుడ్డతోగాని, రబ్బరు తొడుగు గల పట్టుకారుతోగాని తీసి చూడాలి. ఉత్త చేతితో ముట్టరాదు. తీగ తీయగానే వేగం తగ్గితే ఆ సిలిండరు పని చేస్తున్నట్లు. మూడవ సిలిండరు తీగ తీసినప్పుడు మామయ్య కారులో ఏ మార్పూ రాలేదు. నాలుగు గుర్రాల బండిలో ఒక గుర్రం ఊరికే పక్కన నడుస్తున్నదన్నమాట. ఆ ప్లగ్గును రెండవదానితో మార్చి చూచాము. దోషం ప్లగ్గుతో పాటు కదలలేదు, మూడవ సిలిండరులోనే నిలిచినది. ఈ చిన్న మార్పిడికి పైసా ఖర్చు లేదు. కార్బొరేటర్ కొనక ముందు ఎవరైనా ఈ పని చేసి ఉంటే ఆ డబ్బు మిగిలేది. కార్బొరేటర్ నాలుగు సిలిండర్లకూ ఉమ్మడి సొత్తు, ఒక్కదానినే ఎండగట్టడం దాని స్వభావం కాదు.

ఇక పీడన పరీక్ష. ఇంజనును వేడెక్కనిచ్చి ఆపి, కాయిల్ తీగను విడదీసి, నాలుగు ప్లగ్గులనూ తీసివేయాలి. యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి పట్టి, గేజీని ప్లగ్గు రంధ్రంలో బిగించి, స్టార్టరుతో ఇంజనును ఐదారు కుదింపుల దాకా తిప్పాలి. బ్యాటరీ బలంగా ఉండాలి, లేకుంటే అంకెలన్నీ అబద్ధాలే. చదరపు అంగుళానికి పౌండ్లలో మాకు వరుసగా వచ్చిన అంకెలు: 118, 115, 70, 112.

ఇక్కడ ఒక పొరపాటుకు అవకాశం ఉన్నది. మరమ్మతు పుస్తకాలలోని ప్రమాణాలు సాధారణంగా సముద్ర మట్టానికి సంబంధించినవి. హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. ఇక్కడ వాతావరణ పీడనం దాదాపు 6 శాతం తక్కువ. ఇంజను లోనికి పీల్చుకొనే గాలి ఆ మేరకు పలుచన గనుక, కుదించిన తర్వాత గేజీ చూపే అంకె కూడా ఆ మేరకే తగ్గుతుంది. మచిలీపట్నంలో 125 చూపే ఆరోగ్యవంతమైన ఇంజను ధూల్‌పేట్‌లో 117 చూపవచ్చు. పుస్తకంలోని అంకె అందలేదని ఇంజనుకు మరణశిక్ష విధించరాదు. ఒక సిలిండరును పక్క సిలిండరుతో పోల్చడమే నమ్మదగిన మార్గం. అన్నిటికంటె తక్కువ అంకె, అన్నిటికంటె ఎక్కువ అంకెలో మూడు వంతుల పాళ్లకు దిగువన ఉంటే అక్కడ జబ్బు ఉన్నట్లే. 118లో మూడు వంతుల పాళ్లు 88. మాకు వచ్చినది 70.

పీడనం ఎక్కడి నుండి జారిపోతున్నదో తెలియాలి. పిస్టను రింగుల పక్కగానా, వాల్వుల గుండానా, గాస్కెట్ గుండానా? ప్రతి సిలిండరులో ఒక చెంచాడు ఇంజను నూనె పోసి పరీక్షను మరల చేయడం పాత కాలపు ఉపాయం. నూనె పిస్టను చుట్టూ చేరి, రింగులకు గోడకు నడుమనున్న సందును కొంతసేపు మూసివేస్తుంది. వాల్వు వద్ద అది ఏమీ చేయలేదు. కాబట్టి నూనె పోసిన తర్వాత అంకె బాగా పెరిగితే లోపం రింగులలోనో గోడలోనో ఉన్నది, అప్పుడు ‘బోర్’ మాట ఆలోచించవచ్చు. పెరగకపోతే వాల్వు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు రెండూ తక్కువై, నూనెకు లొంగకపోతే వాటి నడుమ గాస్కెట్ తెగి ఉండవచ్చు. మాకు రెండవమారు వచ్చినవి 127, 125, 72, 121. మంచి సిలిండర్లు మూడూ తొమ్మిది పది పౌండ్లు పెరిగినవి, అనగా వయసు తాలూకు అరుగుదల ఉన్నది గాని ప్రమాదం లేదు. మూడవది రెండే పౌండ్లు పెరిగినది. బోర్ చేయించి ఉంటే పన్నెండు వేలు ఆరోగ్యంగా ఉన్న గోడలకు పోసేవారము.

అనుమానం తీరడానికి పంక్చరు దుకాణపు కంప్రెసరు తోడ్పడినది. మూడవ పిస్టనును కుదింపు చివర, పై అంచున నిలిపి, కారును టాప్ గేరులో ఉంచి, చేతి బ్రేకు లాగి, ప్లగ్గు రంధ్రం గుండా గాలి పంపాము. పిస్టను కొద్దిగా పక్కకున్నా గాలి దానిని నెట్టి ఇంజనును తిప్పగలదు. ఫ్యాను దగ్గర చేతులు ఉండరాదు. ఇప్పుడు గాలి ఎక్కడ బుసకొడుతున్నదో వినాలి. నూనె పోసే మూతి వద్ద అయితే రింగులు, కార్బొరేటర్ వద్ద అయితే లోనికి పీల్చే వాల్వు, రేడియేటరులో బుడగలు వస్తే గాస్కెట్. మాకు బుస సైలెన్సరు కొసన వినిపించినది, అనగా పొగను బయటికి పంపే వాల్వు సరిగా మూసుకొనడం లేదు.

ఇంతలో నాకు మరొక సంగతి జ్ఞాపకం వచ్చినది. అంతకు కొన్ని నెలల ముందు మామయ్య ‘ఇంజను చప్పుడు తగ్గిందిరా, టాపెట్లు ఎంత మెత్తగా పడుతున్నాయో చూడు’ అని సంతోషించాడు. వాల్వుకు, దానిని నొక్కే భాగానికి మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ చేసే టక్‌టక్ శబ్దమే టాపెట్ చప్పుడు. మూడవ సిలిండరులో ఆ ఖాళీయే లేదు, గేజీ రేకు దూరలేదు. ఆయన సంతోషించిన నిశ్శబ్దమే జబ్బు. వాల్వు తన పీటలోనికి దిగబడిపోయి, పూర్తిగా మూసుకొనలేక, సందులోంచి మంట దూసుకుపోయి దాని అంచు కాలిపోయినది. హెడ్ విప్పినప్పుడు ఆ అంచు ఎలుక కొరికిన రొట్టెవలె ఉన్నది.

ఎందువల్ల దిగబడినది? పూర్వం పెట్రోలులో సీసపు సమ్మేళనాన్ని కలిపేవారు. ఇంజను కొట్టుకొనకుండా ఉండడం దాని ముఖ్య ప్రయోజనం. కాని మండిన తర్వాత మిగిలే సీసం పలుచని పొరగా వాల్వు పీటపై పేరుకొని, ఎర్రగా కాగిన వాల్వు ఇనుప పీటకు అతుక్కొనకుండా కాపాడేది. సీసం ఆరోగ్యానికి, ముఖ్యంగా పసిపిల్లల మెదడుకు హాని. అందుచేత 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మసాగారు. ఆ నిర్ణయం సర్వవిధాల సరియైనదే. కాని మెత్తని పోత ఇనుప పీటలు గల పాత ఇంజన్లకు ఆ రక్షణ పోయినది. ఎక్కువ దూరాలు, ఎక్కువ బరువుతో తిరిగే బండ్లలో వాల్వులు కొద్దికొద్దిగా దిగసాగినవి. మూడేండ్లకు మామయ్య కారుకు ఆ వంతు వచ్చినది.

ధూల్‌పేట్‌లోనే ఒక వృద్ధ ఉస్తాద్ మా అంకెలను రెండుమార్లు చూచి, తలపాగా సర్దుకొని, హెడ్ మాత్రం విప్పించాడు. గట్టి లోహపు పీట వేయించి, కొత్త వాల్వు, కొత్త గాస్కెట్ అమర్చాడు. ఖర్చు పన్నెండు వేలలో మూడవ వంతు కూడా కాలేదు. పెద్దమ్మాయి ఫీజు గడువులోగానే కట్టాడు మామయ్య.

ఈనాటి కార్లలో కంప్యూటరు ఉన్నది. మన దేశంలో 2013 నుండి కార్లకు లోపాలను నమోదు చేసే రెండవ తరం వ్యవస్థ తప్పనిసరి అయినది. మూడవ సిలిండరు మండకపోతే అది ‘పి 0303’ అనే సంకేతం చూపుతుంది. ఏ సిలిండరో అది చెప్పగలదు; కారణం ప్లగ్గా, వాల్వా, రింగులా అనేది చెప్పలేదు. అక్కడ నుండి మరల ఆ ప్లగ్గు మార్పిడి, ఆ గేజీ, ఆ చెంచాడు నూనె.

మామయ్య 2011లో ఆ కారును అమ్మివేశాడు. కొనవచ్చిన మనిషి బానెటు ఎత్తి, కాస్త విని, పెదవి విరిచి, ‘బోర్‌కు వచ్చినట్టుంది’ అన్నాడు. మామయ్య మారు మాట్లాడకుండా లోపలికి పోయి గేజీ తెచ్చాడు.