ఆలస్యమైన బండి, తప్పిపోయిన బస్సు

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయములు, మార్కు సువార్త 5వ అధ్యాయము 21 నుండి 43 వరకు.



ఒక గ్రామములో గృహకూటము ముగిసిన తరువాత ఒక సహోదరి మమ్మును ఒక ప్రశ్న అడిగెను. "అయ్యగారూ, రైలు రెండు గంటలు ఆలస్యమైతే సణుక్కోవడం పాపమేనా?" కూర్చున్నవారందరు నవ్విరి. ఆమె మాత్రము నవ్వలేదు. ఆమె వారమునకు రెండు మారులు ఆకుకూరల గంపతో ప్యాసింజరు బండి ఎక్కి, జంక్షనులో దిగి, అక్కడ బస్సు పట్టుకొని సంతకు పోవునది. బండి ఆలస్యమైన దినమున కూర వాడిపోవును, బస్సు వెళ్లిపోవును, సంతలో ఆమె కూర్చుండు చోటు ఇంకొకరిదగును. ఆ రాత్రి మేము ఆమెకు సరియైన జవాబు చెప్పలేకపోతిమి. ఈ నెల పాఠము ఆ ప్రశ్ననుబట్టియే వ్రాయుచున్నాము.

ఓర్పును గూర్చి ప్రసంగించుట సులభము. సొంత వాహనములో వచ్చి ప్రసంగించి వెళ్లువారికి అది మరింత సులభము. కూలివానికి ఆలస్యమనగా ఒక దినపు కూలి. రోగికి ఆలస్యమనగా ఆసుపత్రిలో చీటీలు ఇచ్చు వేళ దాటిపోవుట. పరీక్షకు పోవు పిల్లవానికి ఒక సంవత్సరము. కనుక దీనిని చిన్న సంగతిగా ఎంచక, మొదట మాకు జరిగినదే చెప్పెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక పెద్దమ్మకు ఆమె అన్న మరణించెనని ఉదయముననే కబురు వచ్చెను. భూస్థాపన సాయంకాలము నాలుగు గంటలకు. ఆమె ఒంటరిగా పోలేదు గనుక మేము వెంట బయలుదేరితిమి. బండి ఒంటిగంటన్నరకు జంక్షను చేరవలెను. అక్కడ రెండుంబావుకు బస్సు. ఆ బస్సు గంటంబావులో ఆ ఊరు చేర్చును. లెక్క కాగితముమీద చక్కగానే ఉన్నది. అయితే దారిలో ఒక చిన్న స్టేషనులో మా బండిని ప్రక్క లైనులో నిలిపిరి. ఒక ఎక్స్‌ప్రెస్ పోయెను, ఎదురుగా మరియొకటి వచ్చెను, యాబది నిమిషములు గడిచెను. జంక్షను బయట సిగ్నలు దగ్గర మరల నిలిచెను. మేము దిగునప్పటికి మూడు దాటినది. బస్సు పోయినది. తరువాతి బస్సు అయిదు గంటలకు.

మాకు కోపము వచ్చెను. విచారణ కిటికీ దగ్గరకు పోయి అక్కడ కూర్చున్న కుఱ్ఱవానిని నోటికి వచ్చినట్లు మాటలాడితిమి. అప్పుడు పెద్దమ్మ మా చెయ్యి పట్టుకొని, "ఆ బాబునెందుకండీ తిడతారు? మా అన్న పోయిన సంగతి ఆయనకేం తెలుసు?" అనెను. అన్నను పోగొట్టుకొన్నది ఆమె. కేకలు వేసినది మేము.

ఆ ఊరు చేరునప్పటికి చీకటి పడుచుండెను. వారు అయిదు గంటలవరకు కనిపెట్టి, ఇక శవమును ఉంచలేక, మట్టి కప్పివేసిరి. పెద్దమ్మ ఆ మట్టిమీద చెయ్యి వేసి చాలసేపు కూర్చుండెను. అప్పుడు ఆమె మేనల్లుడు మాతో నెమ్మదిగా ఒక మాట అన్నాడు. "అయ్యగారూ, బండి ఆగిపోయిందని ఒక్క ఫోను చేసుంటే నేను మోటారు సైకిలు వేసుకొని జంక్షనుకు వచ్చేవాణ్ణి గదా." ఫోను మా జేబులోనే ఉండెను. ఆ యాబది నిమిషములు మేము గడియారమును చూచితిమి, ఎక్స్‌ప్రెస్‌ను చూచి సణిగితిమి, రైల్వేవారిని గూర్చి ప్రక్కవారితో వాదించితిమి. చేయగలిగిన ఒక్క పని చేయలేదు.

ఇప్పుడు బండ్లు ఎందుకు నిలిచిపోవునో కొంచెము తెలిసికొందము. తెలియనప్పుడు మనమందరము ఇంజనులో కూర్చున్నవానినే తిట్టుదుము. ఒక్క జత పట్టాలున్న మార్గములో రెండు స్టేషనుల మధ్య ఒక కాలమున ఒక్క బండియే ఉండవలెను. ఎదురుబండి వచ్చు పక్షమున ఒకటి స్టేషనులోని ప్రక్క లైనులోనికి తప్పుకొని నిలువవలెను. గుంటూరునుండి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం రోడ్డు, గిద్దలూరు మీదుగా నల్లమల కొండలు దాటి నంద్యాల పోవు మార్గమును ఎరిగినవారికి ఇది చెప్పనక్కరలేదు. అది మొదట మీటరు గేజి. 1990వ దశకములో వెడల్పు చేయబడెను. అయినను చాలకాలము ఒంటి పట్టాలమీదనే నడిచెను. గుంటూరు గుంతకల్లుల మధ్య రెండవ లైను వేయు పని 2016-17లో మంజూరై, భాగములు భాగములుగా చేపట్టబడెను. పట్టాల పని జరుగునప్పుడును కొన్ని గంటలు దారి మూయవలసివచ్చును. రేపటి వేగముకొరకు నేటి ఆలస్యమన్న మాట.

ఎవరు తప్పుకొనవలెననుటకు ఒక వరుస ఉన్నది. మెయిలు, ఎక్స్‌ప్రెస్ బండ్లు ముందు. మన ప్యాసింజరు వాటి వెనుక. ఒకసారి తన వేళ తప్పిన బండికి మరి కొన్ని బండ్లు అడ్డమగును గనుక పది నిమిషముల ఆలస్యము గంటగా పెరుగుచుండును. మరియొక సంగతి. కాలపట్టికలో చివరి స్టేషనుకు ముందు కొంత అదనపు సమయము కలుపుదురు. అందుచేత నడుమ స్టేషనులో గంట ఆలస్యముగా వచ్చిన బండి చివరకు ఇంచుమించు వేళకే చేరవచ్చును. పెద్ద పట్టణములో దిగువారికి నష్టము తక్కువ, నడుమ దిగి బస్సు పట్టుకొనవలసిన పల్లెవారికే ఎక్కువ. ఇది న్యాయమా అని అడిగినయెడల, కాదనియే మేము చెప్పుదుము. సంఘ పెద్దలు కలిసి, బండి వేళకు బస్సు వేళ సరిపడునట్లు డిపో మేనేజరుకు అర్జీ వ్రాసికొనుటలో తప్పేమియు లేదు. అర్జీ వేరు, సణుగుట వేరు.

అయితే ఆ వరుసలో అన్నిటికంటె ముందు నిలుచునది ఎక్స్‌ప్రెస్ కాదు. ఎక్కడనైన ప్రమాదము జరిగినప్పుడు గాయపడినవారి యొద్దకు పోవు సహాయక బండికే మొదటి దారి. దానికొరకు గొప్ప బండ్లును తప్పుకొనవలెను. దీనిని చదివినప్పుడు మాకు యాయీరు జ్ఞాపకమునకు వచ్చెను. అతని పండ్రెండేండ్ల కుమార్తె చావనైయున్నది. ప్రభువు అతనితో బయలుదేరెను. దారిలో పండ్రెండేండ్లనుండి రక్తస్రావముగల స్త్రీ వచ్చి ముట్టగా, ఆయన నిలిచి, ముట్టినదెవరని అడుగుచు, ఆమె చెప్పినదంతయు వినెను. ఆ నిమిషములలో యాయీరు ఎట్లు నిలుచున్నాడో మార్కు వ్రాయలేదు. ప్లాట్‌ఫారముమీద నిలిచినవారికి అది వ్రాయకయే తెలియును. అంతలో కుమార్తె చనిపోయెనని కబురు వచ్చెను. ప్రభువు ఆ స్త్రీని త్రోసివేయలేదు, యాయీరు భయమును చిన్నచేయలేదు. అతనికి ధైర్యము చెప్పి వెంట నడిచెను. మన బండి నిలిచిన ప్రతి సారియు ఎవరికో ప్రాణము దక్కుచున్నదని మేము చెప్పము. అది నిజము కాదు. ముందు పోవువాడు శత్రువని ఎంచవద్దని మాత్రమే చెప్పుదుము.

మనవలన కలుగు ఆలస్యములును ఉన్నవి. సిగ్నలుతో ముడిపెట్టిన గేటు మూయబడిన గాని బండికి దారి ఇయ్యబడదు. మూయుచున్న గేటుక్రింద దూరి పోవు మోటారు సైకిలువాడు ఒక బండినంతటిని నిలుపును. వెనుకబడిన చుట్టముకొరకు గొలుసు లాగువాడును అట్టివాడే. తగిన కారణము లేక గొలుసు లాగుట 1989 నాటి రైల్వే చట్టము 141వ సెక్షను ప్రకారము నేరము. ఏడాదివరకు ఖైదుగాని, వెయ్యి రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. పెండ్లి బృందములు ఈ పని చేయుట మేము చూచితిమి. మన సంఘముల బృందములును అందులో ఉన్నవని వ్రాయుటకు సిగ్గుపడుచున్నాము.

ఇక పౌలు ప్రయాణమునకు వత్తము. అతడును బండి మారినవాడే. కైసరయనుండి బయలుదేరిన ఓడ ఇటలీ పోవునది కాదు. ఎదురుగాలిలో కుప్ర చాటున నడిచి లుకియలోని మూరకు చేరిరి. అక్కడ శతాధిపతియైన యూలి, ఇటలీ పోవు అలెక్సంద్రియ ఓడను కనుగొని వారిని ఎక్కించెను. ఆ రెండవ ఓడయు మెల్లగా నడిచెను. క్రేతులో మంచిరేవులను చోటికి చేరునప్పటికి ఓడలు నడుపు కాలము దాటిపోయెను. ఇక్కడనే ఆగుదమని పౌలు చెప్పెను. అయితే ఆ రేవు చలికాలము గడుపుటకు అనుకూలముగా లేదని, ఇంకొంచెము దూరమున ఫీనిక్సు అను మంచి రేవున్నదని, ఎక్కువమంది పోవుదమనిరి. తరువాత జరిగినది మీరెరుగుదురు. గాలి కొట్టెను, పదునాలుగు రాత్రులు కొట్టుకొనిపోయిరి, ఓడ పగిలిపోయెను. 276 మందిలో ఒక్కరును నశింపకుండుట దేవుని కృప.

మన రాత్రి ప్రయాణములలో ఈ మంచిరేవుల సంగతి ఎన్నిమారులు జరుగుచున్నదో గమనించుడి. ఆఖరు బస్సు పోయినది. స్టేషనులో బల్ల గట్టిగా ఉన్నది, దోమలున్నవి, టీ దుకాణము కట్టివేసిరి. అనుకూలమైన రేవు కాదు. ఊరు పన్నెండు మైళ్లే గదా అని పదిమంది ఒక ఆటోలో వ్రేలాడుదురు, దారిన పోవు లారీని ఆపుదురు, అడ్డదారియని పట్టాల వెంబడి చీకటిలో నడుతురు. స్త్రీలను పసిపిల్లలను వెంటబెట్టుకొని ఈ పని చేయువారున్నారు. దీపము వెలుగుచున్న ప్లాట్‌ఫారము, నలుగురు మనుష్యులున్న బస్‌స్టాండు వదలి పోకుడి. తెల్లవారగట్ల మొదటి బస్సు వచ్చును. కొన్ని ఊళ్లలో రాత్రి నిలిచి ఉదయము బయలుదేరు నైట్‌హాల్టు బస్సు ఉండును. దాని వేళ తెలిసికొని కాగితముమీద వ్రాసికొనుడి.

పౌలు ఆ తుపానులోనే మరియొక పని చేసెను. భోజనము చేయుడని అందరిని బతిమాలి, రొట్టె విరిచి తానే మొదట తినెను. గనుక చద్దిమూట, నీళ్లసీసా, చక్కెర వ్యాధి రక్తపోటు మాత్రలు పెట్టెలో అడుగున గాక చేతిసంచిలో ఉంచుకొనుడి. రెండు గంటలలో చేరుదుమని మాత్ర ఇంటివద్ద విడిచి వచ్చిన ముసలివారిని మేము చూచితిమి.

బండి ఎక్కడున్నదో 139 నంబరుకు ఫోను చేసి తెలిసికొనవచ్చును; మీ పిల్లలు సెల్‌ఫోనులో చూచి చెప్పగలరు. దూరప్రయాణమునకు రిజర్వేషను చేయించుకొన్నవారు, ఎక్కవలసిన స్టేషనులో బండి మూడు గంటలకంటె ఎక్కువ ఆలస్యమై, తాము ప్రయాణము మానుకొన్నయెడల, బండి కదలకమునుపే అడిగినచో పూర్తి సొమ్ము తిరిగి పొందవచ్చును. 2019 ఏప్రిల్ నుండి ఒక బండి దిగి ఇంకొక బండి ఎక్కువారు రెండు టిక్కెట్లను జతచేయించుకొనవచ్చును. మొదటిది ఆలస్యమై రెండవది తప్పిపోయినచో దాని సొమ్మును నిబంధనల ప్రకారము తిరిగి అడుగవచ్చును. బస్సు తప్పినవారికి ఇట్టిదేమియు లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుండియు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండియు స్త్రీలు పల్లెవెలుగు బస్సులలో టిక్కెట్టు సొమ్ము లేక పోవుచున్నారు, మేలే. వెళ్లిపోయిన బస్సు మాత్రము ఉచితముగానైనను తిరిగి రాదు. ఆసుపత్రి, పరీక్ష, కోర్టు వాయిదా వంటి పనులకు ఒక బండి ముందుగాని, ఒక దినము ముందుగాని బయలుదేరుటయే మేలు.

ఇంత చెప్పినను ప్యాసింజరు బండిని మేము నిందింపము. 2020 మార్చిలో బండ్లన్నియు నిలిచిపోయినప్పుడు, తరువాత ఎక్స్‌ప్రెస్ ఛార్జీలతో కనీసము 30 రూపాయలు పెట్టి ఎక్కవలసివచ్చినప్పుడు, దాని విలువ పల్లెవారికి తెలిసెను. 2024లో మరల 10 రూపాయల టిక్కెట్టు వచ్చెనని విని ఆ ఆకుకూరల సహోదరి స్తోత్రము చెప్పినదట.

సంఘములకు ఒక మాట. పౌలు మెలితేలో మూడు నెలలుండి, వేరొక ఓడ ఎక్కి పొతియొలీలో దిగెను. అక్కడ సహోదరులు ఏడు దినములు ఉంచుకొనిరి. రోమాలోని సహోదరులు అప్పీయా సంతపేటవరకును త్రిసత్రములవరకును ఎదురు వచ్చిరి. సంతపేట రోమాకు సుమారు 40 మైళ్లు. ఓడ ఏనాటికి చేరవలసినదో, ఎన్ని నెలలు ఆలస్యమైనదో అడిగి వారు ఇంటనుండలేదు. వారిని చూచి పౌలు ధైర్యము తెచ్చుకొనెను. జంక్షనుకు దగ్గరనున్న సంఘములారా, మీ మందిరపు వరండాలో ఒక దీపమును ఒక కుండెడు నీళ్లును రాత్రివేళ ఉంచుట కష్టమా? అక్కడ పడుకొనువాడు ఏ సంఘమువాడని, ఏ మతమువాడని అడుగనక్కరలేదు.

సణుగుట పాపమా అని అడిగిన సహోదరికి ఇప్పుడు మేము చెప్పునది ఇంతే. నష్టమును నష్టమనుట సణుగుట కాదు. కీర్తనలలో భక్తులు ఎంతకాలమని దేవునినే అడిగిరి. కిటికీ వెనుక కూర్చున్న కుఱ్ఱవానిమీద మేము చేసినది మాత్రము పాపమే. మరుసటి నెల అటు పోయినప్పుడు అతని యొద్దకు వెళ్లి ఒప్పుకొంటిమి. అతనికి మేము జ్ఞాపకము లేము. రోజుకు అట్టివారు ఎందరో అనెను.

పెద్దమ్మ ఇప్పుడును ప్రయాణములు చేయుచున్నది. చదువు రాదు గనుక మేనల్లుని నంబరు పెద్ద అంకెలతో వ్రాయించి ఆ చీటీని తన బైబిలులో మడిచి ఉంచుకొన్నది. బండి పది నిమిషములు నిలిచిన చాలు, ప్రక్కనున్న పిల్లవానికి ఆ చీటీ ఇచ్చి, "బాబూ, కొంచెం ఫోను కలుపు నాయనా, దారిలో ఉన్నానని చెప్పాలి" అని అడుగుచున్నది.