పల్లెలో పొలం – పట్నంలో కిరాయి గది

హైదరాబాదులో పదేళ్ళుగా పని చేస్తున్నవాడు ఇంకా కిరాయి గదిలోనే ఎందుకు ఉంటాడు? "సంపాదన చాలదు" అన్నది సగం జవాబే. మిగతా సగం ఊళ్ళో అతనికి ఉన్న, లేదా లేని, భూమిలో ఉంది. మా పాలమూరు వలసలను చూసి నేను గ్రహించింది రాస్తున్నాను.

మొదటి రకం భూమి లేనివాళ్ళు. పెళ్ళాం పిల్లలతో సహా పోతారు. కడుతున్న మేడ పక్కనే రేకుల గుడిసె వేసుకుంటారు. మేడ పూర్తయితే గుడిసె లేచిపోతుంది. తిరిగొస్తే ఊళ్ళో ఏముంది? అందుకే పట్నం అంచున కాస్త జాగా కోసం పాకులాడతారు.

రెండో రకం రెండు మూడెకరాలవాళ్ళు. చాలావరకు మగవాడొక్కడే పోతాడు. నలుగురు కలిసి ఒక గది తీసుకుంటారు. మిగిలిన పైసలు బోరుకూ, ఊళ్ళో స్లాబు ఇంటికీ వస్తాయి. అంటే తను ఉండని ఇల్లు కట్టి, ఉండే చోట కిరాయి కడతాడన్న మాట!

భూమి అమ్మి పట్నంలో కొనుక్కోవచ్చు కదా? అంత సులువు కాదు.

1. పేదలకు సర్కారు ఇచ్చిన అసైన్డు భూమిని అమ్మకూడదని 1977 చట్టం. తెలంగాణలో అది వారసులకు దక్కుతుందే గాని అమ్మకానికి రాదు.

2. పిత్రార్జితమైతే వాటాదారులందరూ ఒప్పుకోవాలి. 2005 సవరణతో దేశమంతటా ఆడపిల్లలకూ సమాన వాటా వచ్చింది.

3. పాసుబుక్కు ఉంటేనే పంట రుణం. 2025లో రైతు భరోసాను ఎకరాకు ఏడాదికి 12,000 రూపాయలు చేశారు. భూమి పోతే ఇవీ పోతాయి.

ఇక పట్నం వైపు చూడండి. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో ఇల్లు రావాలంటే, ఆ కుటుంబానికి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండరాదు. ఊరి స్లాబే అడ్డం! బ్యాంకు ఆదాయానికి కాగితం అడుగుతుంది. అడ్డా కూలీకి కాగితం ఎక్కడిది?

మాకు రెండున్నర ఎకరాలు. అన్న పట్నంలో టైల్స్ పని చేస్తాడు. సంక్రాంతికి వచ్చి, "ఒక ఎకరం అమ్ముదాం నాయినా, పిల్లను అక్కడ బడికి పంపాలె" అన్నాడు. నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "2020ల కరోనా వచ్చినప్పుడు ఏడికొచ్చినవ్ బిడ్డా?" అన్నాడు. అన్న తలొంచుకున్నాడు. వదినె మాత్రం, "వచ్చిండు, నిజమే. మూణ్ణెల్లకే మళ్ళ పోయిండు గద మామా" అంది.

ఇద్దరి మాటా నిజమే. పొలం ఆపదలో ఆసరా; కాని అది పట్నంలో కుటుంబానికి గూడు కాలేదు. కనుక సొంత ఇల్లు ఒక్కటే పరిష్కారమనుకోకుండా, కుటుంబంతో ఉండగల చౌక కిరాయి ఇళ్ళు పని దొరికేచోటే కట్టాలి. అలాంటి పథకాన్ని కేంద్రం 2020లో ప్రకటించింది. అవి అవసరమైనన్ని రావాలి. అప్పుడు ఎకరం అమ్మాలా, పిల్లను దూరంగా ఉంచాలా అన్న ప్రశ్న మా ఇంట్లో ఉండదు.

మా ఎకరం ఇంకా అమ్మలేదు. వదినె ఇంకా ఊళ్ళోనే ఉంది. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీరూ ఈ లెక్క వేసి చూడండి.