దోషాల లెక్క

"ఫోను పట్టిన పిల్లలకు వ్రాత పోయింది" అన్నది ఇక్కడి మన ఇళ్ళలో తరచు వినిపించే మాట. అది లెక్కకు నిలుస్తుందా?

అమెరికా కళాశాల విద్యార్థుల వ్యాసాలలో దోషాలను పరిశోధకులు లెక్కించి చూశారు. నూరు పదాలకు 1917లో 2.11 దోషాలు, 1986లో 2.26, 2006లో 2.45. తొంభై ఏళ్ళకు పెరిగినది ఇంతే! వ్యాసం సగటు నిడివి మాత్రం 162 పదాల నుండి 1038కి పెరిగింది. 2006 నాటి వ్యాసాలు పరిశీలించిన ఆండ్రియా లన్స్‌ఫర్డ్, కేరెన్ లన్స్‌ఫర్డ్‌ల జాబితాలో అగ్రస్థానం ఒక పదానికి బదులు వేరొకటి వాడటానిది. కంప్యూటరు దిద్ది చూపిన పదాన్ని చదవకుండా స్వీకరించడం అందుకొక కారణం. సందేశాల పొట్టి వ్రాతలు దాదాపు కనిపించలేదు.

అయితే ఇది స్మార్ట్‌ఫోన్లకు ముందటి లెక్క. నేటి సామాజిక మాధ్యమాల ప్రభావం తేల్చాలంటే ఒకే విద్యార్థి సందేశాలనూ వ్యాసాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. మా అమ్మాయిని అడిగాను. వ్యాసం ఇచ్చింది, సందేశాలు ఇవ్వలేదు.